నలభై ఒకటో నంబరు సంతాపం

నందిలంక పురపాలక సంఘంలో ఒకప్పుడు చచ్చిపోవడం తేలికైన పని. ఉద్యోగి పోతే ఒక పూలదండ, రెండు నిమిషాల మౌనం. ఊళ్ళోవాళ్ళు పోతే ఇంటివాళ్ళు వచ్చి కాగితం రాసిచ్చేవారు, వారం తిరక్కుండా మరణ ధ్రువీకరణ పత్రం చేతికొచ్చేది. చావు గురించి కార్యాలయానికి అంతకుమించి అభిప్రాయాలేమీ ఉండేవి కావు.

కమిషనరు హరనాథరావుగారు ఎక్కడో చల్లటి కొండలమీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళి రావడంతో అభిప్రాయాలు మొదలయ్యాయి. దుఃఖంలో ఉన్న ఇంటికి పూలు పట్టుకెళ్ళకూడదని అక్కడెవరో ఆయనకు చెప్పారు. పూలు రెండో రోజుకి వాడిపోతాయి, ఆ ఇంట్లో ఇంకో చావు జరిగినట్టుంటుంది. కనక మొక్క ఇవ్వాలి. అదీ ఇంట్లో ఓ మూల పడుండేది, పని చెప్పనిది, ఏడుస్తున్నవాళ్ళు పట్టించుకోకపోయినా బతికేది. కమిషనరుగారు కొండ దిగిన మర్నాడే ‘హరిత సంతాప పథకం’ పేరుతో సర్క్యులరు దిగింది. ఇకమీదట పట్టణ పరిధిలో ఎవరు గతించినా సంఘం తరఫున ఒక మొక్క వెళుతుంది.

మొక్క అనగానే అందరికీ గవరయ్య గుర్తొచ్చాడు.

గవరయ్య పార్కు మాలీ. ముప్ఫై ఎనిమిదేళ్ళు పర్మినెంటుగా చేసి, రిటైరయ్యాక మళ్ళీ ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం తిరగరాసే పద్ధతిలో అదే పార్కులో అదే గునపం పట్టుకున్నాడు. చదువు మూడో తరగతి. అదీ పాసయ్యాడో లేదో అతనికే అనుమానం. అతని దగ్గరున్న ముఖ్యమైన మాట “ఆయ్.” దాన్ని కాస్త సాగదీస్తే అవునని, తుంచేస్తే కాదని, మధ్యలో ఆపితే చూద్దామని. ఆ ఒక్క మాటమీద ఇంత ఉద్యోగం చేశాడు. మొక్కలతో మాట్లాడతాడు కాబోలు, అందుకే మనుషులతో మాట్లాడడు అని ఊళ్ళో కొందరు గొప్పగా చెప్పుకునేవారు. గవరయ్య మొక్కలతో కూడా మాట్లాడడు. చెప్పడానికి ఏమీ ఉండదు. అంతకంటే రహస్యం లేదు. కానీ జనం అనుకున్న కారణం తన కారణంకంటే బాగుందని ఊరుకున్నాడు.

“గవరయ్యా,” అన్నారు కమిషనరుగారు సమావేశంలో, “గృహాంతర్భాగంలో పెంపకానికి అనువైనది, సంరక్షణాభారం కనిష్ఠంగా గలది, శోకసందర్భానికి తగిన గాంభీర్యం కలిగినది అయిన మొక్కను మీరు సంఘానికి సూచించవలసి ఉంటుంది.”

“ఆయ్,” అన్నాడు గవరయ్య, మధ్యలో ఆపి.

కమిషనరుగారి పక్కన పేరిశాస్త్రిగారు కూర్చున్నారు. ఆయన జనన మరణాల విభాగానికి సూపరింటెండెంటు. ఊరంతా పుట్టేదీ పోయేదీ ఆయన సంతకం కింద. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, గవరయ్య తోపుడుబండిమీద తెచ్చిన మొక్కల్ని ఒక్కొక్కటే విచారించారు.

“తులసి వద్దు. పూజ చెయ్యకపోతే పాపం. మనం దుఃఖితులకి పాపం అంటగట్టకూడదు. పైగా అన్ని మతాలవారికీ ఇవ్వాలి కదా.”

“కలబంద?” అన్నారు కమిషనరుగారు.

“కలబంద జనం గుమ్మానికి తలకిందులుగా వేలాడదీస్తారు సార్, దిష్టికి. మట్టీ నీళ్ళూ లేకుండా బతుకుతుంది, ఆ గుణం మెచ్చుకోదగ్గదే. కానీ చావు జరిగిన ఇంటికి దిష్టి మొక్క పంపితే ఆ చావు దిష్టివల్ల జరిగిందని సంఘం అధికారికంగా అంగీకరించినట్టవుతుంది.”

“మనీ ప్లాంటు?”

“అది దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందని జనం నమ్మకం. కార్యాలయం దొంగతనం చేసి ఇవ్వలేదు. చెయ్యకుండా ఇస్తే పనిచెయ్యదు.”

కమిషనరుగారు స్వయంగా కొండలమీంచి తెచ్చుకున్న ఫోటో ఒకటి ముందుకు జరిపారు. గాజు గ్లాసులో చిన్న వెదురు బొంగులు. అదృష్టం తెస్తుందని పెద్ద పట్నాల్లో టేబుళ్ళమీద పెట్టుకునేది.

పేరిశాస్త్రిగారు ఆ ఫోటోని మర్యాదగా చూసి, మర్యాదగా వెనక్కి జరిపారు.

“వెదురుతో ఆ ఇంటివారికి అంతకుముందే ఒకసారి పని పడి ఉంటుంది సార్.”

పాడె గుర్తొచ్చి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గవరయ్యకి ఆ నిశ్శబ్దం హాయిగా ఉంది.

బండిలో అడుగున ఇంకో కుండీ మిగిలింది. నర్సరీవాళ్ళు జీజీ మొక్క అంటారు. లావుపాటి కాడలు, వాటికి రెండు పక్కలా నూనె రాసినట్టు మెరిసే ఆకులు. నాలుగు నెలల కిందట దాన్ని పంపు గది వెనక పెట్టి గవరయ్య మరిచిపోయాడు. ఎండలేదు, నీళ్ళు లేవు. పొద్దున బండికోసం వెతుకుతుంటే కనపడింది. మనిషి ఇంట్లో లేనప్పుడు ఇల్లు శుభ్రంగా ఉన్నట్టు, అది గవరయ్య లేని నాలుగు నెలల్లో ఇంకా బాగుపడింది. తన చేతి చలవ మీద అతనికి అప్పటిదాకా కొంచెం నమ్మకం ఉండేది.

“దీనికేం కావాలి?” అన్నారు కమిషనరుగారు.

“ఏం వద్దండి.”

“నీళ్ళు?”

“ఇరవై రోజులకోపాలి. మరిచిపోతే ఇంకా మంచిదండి.”

సమావేశపు మినిట్సులో ఇలా రాశారు: ‘ఉద్యాన నిపుణులు శ్రీ గవరయ్యగారు సదరు మొక్కపై నాలుగు మాసములపాటు జల, కాంతి నిరోధక పరీక్షలు జరిపి సంతృప్తికర ఫలితములు సాధించియున్నారు.’ పంపు గది వెనక మరిచిపోయినందుకు గవరయ్య నిపుణుడయ్యాడు. అంతకుముందు గుర్తుపెట్టుకుని చేసిన పనులకు ఎప్పుడూ ఏమీ కాలేదు.

మొదటి నెల బాగానే జరిగింది. మొక్కకి తెల్లటి కుండీ, కుండీకి నంబరు, నంబరు పక్కన ఆకుల లెక్క, ఫోటో. కబురు రాగానే గవరయ్య ఆ ఇంటికి వెళ్ళి, గుమ్మం పక్కన కుండీ దింపి, తలవంచి నిలబడి, వచ్చేసేవాడు. ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. ఊళ్ళో మంచి పేరొచ్చింది. “మిగతావాళ్ళంతా వచ్చి ఏదో ఒకటి వాగి పోతారు. ఆ మాలీ ఒక్కడూ చూడు, ఎంత పెద్దమనిషి,” అనేవారు. గవరయ్య ఆ మాట విని, నిజమే కాబోలు, తనలో ఇన్నాళ్ళూ పెద్దమనిషి ఉన్నట్టు తనకే తెలియలేదు అనుకున్నాడు.

రెండో నెలకి ఊరు భయపడటం మొదలెట్టింది. తెల్ల కుండీతో గవరయ్య వీధి మలుపు తిరిగితే అరుగుల మీదివాళ్ళు లేచి ఇళ్ళలోకి వెళ్ళి ముసలివాళ్ళని చూసుకునేవారు. టీ కొట్టు గంగాధరం ముందుకొచ్చి అడ్డం నిలబడేవాడు.

“మా వీధి కాదు గదా బాబాయ్?”

“ఆయ్.”

“అంటే అవునా, కాదా? సరిగ్గా చెప్పి సావు.”

ఇంతలో శాస్త్రిగారికి నిబంధనల ఊపు వచ్చింది. మొక్క ఇచ్చి ఊరుకుంటే ఎలా, అది బతికుందో లేదో చూడాలి. చూడటానికి ఒక తనిఖీదారు. తనిఖీదారు వెళ్ళేముందు ఇంటివారికి ‘మరల వచ్చెదము’ అని చెప్పి సంతకం తీసుకోవాలి. చావు ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని కూడా అనకుండా వచ్చేసే ఊరు అది. తనిఖీదారు గుమ్మంలో నిలబడి మరల వచ్చెదము అని చదవగానే మార్కెట్టు వీధిలో ఒక ముసలావిడ చీపురు తీసింది. తనిఖీదారు సంతకం లేకుండానే తిరిగొచ్చాడు.

దాంతో నిబంధన మారింది. కార్యాలయం ఇళ్ళకు వెళ్ళక్కర్లేదు. ఇంటివారే ముప్ఫయ్యో రోజున మొక్కను కార్యాలయానికి తెచ్చి చూపించాలి. చూపించకపోతే? వాళ్ళకు కార్యాలయంతో అవసరం ఉండాలి. చావు ఇంటివారికి కార్యాలయంతో ఉండే అవసరం ఒకటే. శాస్త్రిగారు కలం మూత తీసి ఏడో నిబంధన రాశారు: ‘సదరు మొక్క సజీవముగా ఉన్నట్లు నిర్ధారణ అయిన పిమ్మట మాత్రమే సదరు వ్యక్తి మరణించినట్లు ధ్రువీకరించబడును.’

కమిషనరుగారు రెండుసార్లు చదివి మెచ్చుకున్నారు. గవరయ్యకి చదివి వినిపించి అభిప్రాయం అడిగారు, నిపుణుడు కనక.

గవరయ్యకి ఇందులో ఏదో మెలిక ఉందనిపించింది. కానీ అంత పెద్ద వాక్యంలో మెలిక ఎక్కడుందో మూడో తరగతితో పట్టుకోలేకపోయాడు. “ఆయ్,” అన్నాడు.

తుంచేసే అన్నాడు. వాళ్ళు సాగదీసినట్టు విన్నారు.

ఆ నెలలోనే నూకరాజు పోయాడు.

నూకరాజు పురపాలక సంఘంలో నీళ్ళు వదిలే మనిషి. పొడుగాటి ఇనప తాళం భుజాన వేసుకుని తెల్లారకుండా బయల్దేరి ఒక్కో వీధి వాల్వూ తిప్పుకుంటూ పోయేవాడు. పార్కు గేటు దగ్గర వాల్వు ఆఖరిది. అది తిప్పాక దాని మూతమీదే కూర్చునేవాడు. గవరయ్య వచ్చి పక్కన కూర్చునేవాడు. చెరో బీడీ. ఇరవై ఎనిమిదేళ్ళు అలా కూర్చున్నారు. ఇద్దరూ కలిసి మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు. ఒకరోజు పొద్దున్నే వాల్వు తిప్పి, మూతమీద కూర్చుని, గుండె పట్టుకుని పక్కకి ఒరిగాడు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది.

గవరయ్య నలభై ఒకటో నంబరు కుండీ తీసుకెళ్ళాడు. బండిలో ఉన్నవాటిలో మంచిది ఏరాడు, ఇరవై ఏడు ఆకులది. అంతకంటే నూకరాజుకి చెయ్యగలిగింది ఏమీ తోచలేదు. నూకరాజు భార్య సీతారత్నం గోడకి చేరబడి కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. గవరయ్య కుండీ దింపాడు. దింపేటప్పుడు, ఇరవై రోజులదాకా నీళ్ళు పొయ్యొద్దమ్మా అని చెప్పాలి. అంతకుముందు నలభై ఇళ్ళలోనూ చెప్పలేదు. ఆ ఇళ్ళవాళ్ళు అదృష్టంకొద్దీ మొక్కని మరిచిపోయారు. ఇక్కడా నోటిదాకా వచ్చింది. మనిషి పోయి పూట గడవలేదు, ఆవిడ మొహం చూసి మొక్క సంగతి ఎలా ఎత్తడం అనుకున్నాడు. తలవంచి నిలబడ్డాడు. వచ్చేశాడు. దారిలో తన పెద్దమనిషితనానికి తనే కొంచెం పొంగిపోయాడు కూడా.

ముప్ఫయ్యో రోజు సీతారత్నం కుండీ చంకన పెట్టుకుని పార్కుకే వచ్చింది. కుండీలో ఆకులన్నీ పసుప్పచ్చగా వాలిపోయి ఉన్నాయి. గవరయ్య ఒక కాడని పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. వేలితో మట్టి కెలికాడు. దుంప కుళ్ళి వాసనేసింది.

“నీళ్ళెవరు పోసేరమ్మా?”

“అందరూ పోసేరన్నయ్యా.”

చెప్పింది. పలకరించడానికి వచ్చినవాళ్ళకి ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఆవిడ ఎదురుగా కాసేపు కూర్చుని, చేతులు నలుపుకుని, చుట్టూ చూసేవారు. గుమ్మం పక్కన కొత్త మొక్క. పక్కన బిందె. అయ్యో, ఎండిపోతుందే అని ఒక గ్లాసు ముంచి పోసేవారు. పోశాక ఏదో సాయం చేసిన తృప్తి కలిగి వెళ్ళిపోయేవారు. ఒక్కో రోజు ఇరవైమంది. పెద్దకర్మ రోజున అయితే ఊరి వాటర్‌వర్క్సు అంతా వచ్చింది.

“నీళ్ళు వదిలే మనిషి ఇల్లు గదా,” అంది సీతారత్నం. “ఎవరూ తక్కువ పొయ్యలేదు.”

గవరయ్య ఊడొచ్చిన కాడని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

“ఇది బతికుంటేగానీ ఆయన పోయినట్టు కాగితం ఇవ్వరంట. ఆ కాగితం లేపోతే పింఛను ఫైలు కదలదంట. నెల్రోజుల నుంచి మా అక్క ఇంటి బియ్యం తింటన్నాను. నీకు తెలుసు గదా దీనికి నీళ్ళు పొయ్యకూడదని?”

“ఆయ్.”

“మరి చెప్పాలా వద్దా? ఒక్క మాట. నీ నోట్లో మాటలేవన్నా వడ్డీకి తిప్పుతున్నావా, బయటికి తీత్తే తగ్గిపోతాయని?”

గవరయ్య ఊడొచ్చిన కాడని మళ్ళీ మట్టిలో గుచ్చాడు. జీవితంలో ఒక్కసారి, ఒక్క ఇంట్లో, ఒక్క మాట అవసరమైంది. అతను అప్పుడు పెద్దమనిషిగా ఉన్నాడు.

ఇంకో మొక్క పెట్టి చూపిద్దామని గవరయ్య దాన్ని ఆ నంబరు కుండీలోకి మార్చి తీసుకెళ్ళాడు. శాస్త్రిగారు ఫైల్లోంచి పాత ఫోటో తీసి పక్కన పెట్టుకుని ఆకులు లెక్కపెట్టారు.

“ఇరవై ఏడు ఉండాలి. ముప్ఫై ఒకటి ఉన్నాయి. భర్త పోయిన ఇంట్లో మొక్క నాలుగు ఆకులు వేసిందా? ఇది సహజంగా లేదోయ్.”

అసలు మొక్క చూపించక తప్పలేదు. శాస్త్రిగారు దాన్ని చాలాసేపు చూశారు. అటువంటి కేసు మొదటిసారి. నిబంధనలు తిరగేసి, సంతోషం పట్టలేక చిన్నగా దగ్గారు. ప్రతిదానికీ దారి ఉంది. సంఘం ఆస్తి అయిన మొక్క చనిపోయింది కనక ముందు మొక్కకి మరణ ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. పత్రం ఇవ్వాలంటే మొక్క మరణానికి సంఘం సంతాపం తెలపాలి. సంతాపం అంటే ఇంకో మొక్క. ఆ రెండో మొక్కని ముప్ఫయ్యో రోజున సజీవంగా చూపిస్తే మొదటి మొక్క చనిపోయినట్టు తేలుతుంది. మొదటి మొక్క చావు తేలాక దాని బదులు ఇంకొకటి మంజూరవుతుంది. అది ముప్ఫై రోజులు బతికితే నూకరాజుకి పత్రం.

“అంటే ఎప్పటికండి?” అంది గవరయ్య వెంట వచ్చిన సీతారత్నం.

“అన్నీ సవ్యంగా జరిగితే మీ ఆయన సుమారు అరవై రోజుల్లో మరణిస్తాడమ్మా. కంగారు పడకండి.”

“మరి ఇప్పుడు?”

శాస్త్రిగారు రిజిస్టరు చూశారు. ఇప్పుడు సజీవుడు. ఆ మాట ఆయన నోట రాగానే పక్క బల్లమీద పనిచేసే ఎస్టాబ్లిష్‌మెంటు గుమాస్తా తలెత్తాడు. సజీవుడైన ఉద్యోగి ముప్ఫై రోజులుగా డ్యూటీకి రాకపోతే వాళ్ళ విభాగం ఊరుకోకూడదు.

మర్నాడు మెమో తయారైంది. ‘శ్రీ నూకరాజు, వాల్వు ఆపరేటరు, అనుమతి లేకుండా విధులకు గైర్హాజరగుటకు కారణములు మూడు దినములలో వ్యక్తిగతముగా హాజరై తెలుపవలెను. లేనియెడల తీవ్ర పరిణామములు ఎదుర్కొనవలసియుండును.’ స్వయంగా అందజెయ్యాలి, లేకపోతే ఇంటి తలుపుకి అంటించాలి. ఆ ఇంటికి అలవాటైన మనిషి కనక గవరయ్య చేతికిచ్చారు.

గవరయ్య మైదాపిండి జిగురు డబ్బాతో నూకరాజు ఇంటిముందు నిలబడ్డాడు. సీతారత్నం లోపలినుంచి వచ్చింది. కాగితం తీసుకుని చదివింది. ఏడవలేదు. తిట్టలేదు. మెమోని జాగ్రత్తగా మడతపెట్టి అతని చేతికే ఇచ్చేసింది.

“ఆయన వచ్చేక ఇద్దుగాని,” అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

గవరయ్య జిగురు డబ్బా అరుగుమీదే వదిలేసి నేరుగా కార్యాలయానికి నడిచాడు. లోపల సమావేశం జరుగుతోంది. ఎజెండాలో నలభై ఒకటో నంబరు మొక్క మృతికి గల కారణాలు. కుండీ రంగు గురించి ఒక అభిప్రాయం, ఉత్తర దిక్కు గురించి ఒక అభిప్రాయం, శోకతరంగాలు మొక్కలమీద చూపే ప్రభావం గురించి కమిషనరుగారి స్వంత అభిప్రాయం. గవరయ్య పిలవకుండానే లోపలికెళ్ళి నిలబడ్డాడు.

“నేనే చంపేనండి.”

అతని గొంతు ఎలా ఉంటుందో ఆ గదిలో చాలామందికి అప్పుడే తెలిసింది.

“నీళ్ళు పొయ్యొద్దని చెప్పాలండి. చెప్పలేదు. ఏ ఇంట్లోనూ చెప్పలేదు. ఆయమ్మ తప్పు లేదండి. ఊరోళ్ళ తప్పూ లేదు. నేను నోరిప్పలేదు. అదీ సంగతి.”

అంత మాట్లాడాక అతనికి కళ్ళు తిరిగినట్టయింది. తలుపు పట్టుకున్నాడు.

గదిలో తేలికపాటి గాలి వీచినట్టయింది. కార్యాలయానికి దోషి దొరకడంకంటే ఆనందం లేదు. శాస్త్రిగారు వెంటనే విడమరిచి చెప్పారు. దోషి సంఘానికి చెందినవాడు కనక మొక్కది సహజ మరణం కాదు, విభాగ నిర్లక్ష్యం వల్ల కలిగినది. కుటుంబానికి బాధ్యత లేదు. కుటుంబానికి బాధ్యత లేనప్పుడు ఏడో నిబంధన వర్తించదు. వర్తించనప్పుడు నూకరాజు మరణించడానికి ఎటువంటి అభ్యంతరమూ లేదు.

“ఏ తేదీ వేద్దాం సార్?”

“అతను పోయిన తేదీయే వేసెయ్యండి,” అన్నారు కమిషనరుగారు ఉదారంగా.

ఇక గవరయ్య సంగతి. కాంట్రాక్టు కాగితం తిరగరాయకుండా ఆపేస్తే మొక్కలు మొయ్యడానికి ఇంకో నిపుణుడు లేడు. జీతం కొయ్యడానికి అందులో కోసేటంత లేదు. కమిషనరుగారు శిక్షణలో రాసుకున్న పుస్తకం తీసి చూశారు. తప్పు ఏ రూపంలో జరిగిందో దిద్దుబాటు ఆ రూపంలోనే ఉండాలని అందులో ఉంది. ఉత్తర్వు ఇలా వచ్చింది: ‘శ్రీ గవరయ్య ఇకపై మొక్క అందజేయు ప్రతి గృహమునందును పది నిమిషముల కాలము మౌఖిక సంతాపము తెలుపవలెను. తక్కువగాని ఎక్కువగాని కారాదు. ప్రారంభ, ముగింపు సమయములు కుటుంబసభ్యులచే నమోదు చేయించి సంతకము తీసుకొనవలెను. సదరు ఉత్తర్వు శ్రీ నూకరాజు గృహమునుండి అమలులోనికి వచ్చును.’

కొరడా దెబ్బలు పది అన్నా గవరయ్య అంత భయపడి ఉండేవాడు కాదు.

పొద్దున ఎనిమిదింపావుకి సీతారత్నం ఇంటికి వెళ్ళాడు. ముందు మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చాడు. ఆవిడ పేరూ తేదీ సీలూ చూసుకుని కళ్ళకద్దుకుంది. తరవాత రెండో కాగితం ఇచ్చి, సంగతి చెప్పాడు. అది చెప్పడానికి ఒక నిమిషం పట్టింది. అది లెక్కలోకి వస్తుందేమో అడిగాడు.

“రాదు,” అంది సీతారత్నం గోడ గడియారం చూసి టైమేసుకుంటూ. “ఇప్పుడు మొదలెట్టు.”

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. మట్టి గురించి చెప్పాడు. దుంప గురించి చెప్పాడు. రెండు నిమిషాలు కాకముందే మొక్క అయిపోయింది. గదిలో చూశాడు. మూలన గోడకి నూకరాజు ఇనప తాళం ఆనించి ఉంది.

“రాజు...” అన్నాడు. ఆగాడు. “రాజు ఈ వీధికి పావుగంట ఎక్కువ నీళ్ళు వదిలేవోడు.”

“ఎందుకూ?”

“నువ్వు కాపరానికొచ్చిన కొత్తలోనమ్మా. కొళాయికాడ నీ బిందె ఎనక్కి తోసేసేరంట. ఖాళీ బిందెట్టుకుని ఇంటికొచ్చేవంట. నువ్వేం చెప్పలేదంట. ఆ మర్నాటి నుంచీ ఈ వీధి వాల్వు, పార్కు గేటు కాడదే, పావుగంట ఆలిస్యంగా కట్టేవోడు. ఆఖర్న నుంచున్నోళ్ళకి కూడా అందాలని. ఆ పావుగంటా మూతమీద కూర్చుని కట్టకుండా వాచీ చూసుకునేవోడు. పై ఆఫీసరు అడిగితే తాళం బిగుసుకుపోయిందండి అనేవోడు. ఇరవై ఆరేళ్ళు బిగుసుకుపోయింది ఆ తాళం.”

సీతారత్నం మూలనున్న తాళం వైపు చూసింది.

“నేను ఆ వారంలో ఆళ్ళని బాగా తిట్టేను,” అంది. “అప్పట్నించి కొళాయికాడ ఎవరూ గొడవడలేదు. నన్ను చూసి జడిసేరనుకున్నాను. ఇన్నేళ్ళూ వీధిలో ఆ ధీమాతోనే తిరిగేను.” పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని గవరయ్య హడలిపోయాడు. నవ్వుతోంది. “నాకెప్పుడూ చెప్పలేదే మనిషి.”

“నాకూ ఆ బిందె సంగతొక్కటే చెప్పేడమ్మా. మిగతాది పక్కన కూర్చుని చూసేను.”

“నువ్వైనా చెప్పలేదు.”

“ఆయ్.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని గడియారం చూసింది.

“నాలుగు నిమిషాలే అయింది. ఇంకేం చూసేవు?”

గవరయ్య ఆలోచించాడు. ఇరవై ఎనిమిదేళ్ళు, రోజుకో పావుగంట, ఒక మనిషి పక్కన ఊరికే కూర్చున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. చూడబోతే ఊరికే కూర్చోలేదు. వరద వచ్చినప్పుడు నూకరాజు చేసినదొకటి ఉంది. ఆసుపత్రి వాల్వు సంగతొకటి ఉంది. కూతురు పుట్టిన రోజున ఊరంతటికీ నీళ్ళు వదిలి కట్టడం మరిచిపోయినదొకటి ఉంది. ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. పక్కింటావిడ వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆ వెనక ఇంకొకావిడ. ఎవరో కాఫీ తెచ్చారు. గవరయ్య చెబుతూనే చల్లారబెట్టుకుని తాగాడు.

సీతారత్నం అబద్ధమాడే మనిషి కాదు. కాగితంమీద ప్రారంభం ఎనిమిదీ పద్దెనిమిది అని, ముగింపు పదకొండూ ఐదు అని ఉన్నది ఉన్నట్టు వేసి సంతకం పెట్టింది.

మూడో రోజున గవరయ్యకి మెమో వచ్చింది. పది నిమిషములు మంజూరు చేయబడగా రెండు గంటల నలభై ఏడు నిమిషముల సంతాపము వినియోగించుటకు గల కారణములు లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.

గవరయ్య పార్కులో కూర్చుని తెల్ల కాగితం మోకాలిమీద పెట్టుకున్నాడు. పెన్ను పట్టుకుని చాలా ఏళ్ళయింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఒత్తులు సరిచూసుకుని, మధ్యాహ్నానికి ఒక్క ముక్క రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేశాడు.

‘ఇంకా అవలేదండి.’